ఎన్నుకొన్న చెట్టు

ఓరుగల్లు సీమలో ఘనపూర్ అనే పేరుగల ఊళ్ళు రెండు ప్రసిద్ధమైనవి. ఒకటి జనగామ జిల్లాలోని స్టేషన్ ఘనపూర్. రెండవది భూపాలపల్లి జిల్లాలో, ములుగు అడవుల అంచున ఉన్న ఘనపూర్. మొదటి దానికి పేరులోని విశేషణం రైలుబండి వలన వచ్చినది. రెండవదానికి కీర్తి కోటగుళ్ళ వలన వచ్చినది. చెట్లను గూర్చి చెప్పదలచిన ఈ ప్రసంగాన్ని ఊళ్ళతో ప్రారంభించడానికి కారణం ఉన్నది. మనిషికీ అడవికీ గల సంబంధం ఏ విధంగా మారుతూ వచ్చినదో చెప్పడానికి ఈ రెండు ఊళ్ళూ రెండు గుర్తులు.

కోటగుళ్ళు కాకతీయ గణపతిదేవుని కాలం నాటివి. రెండు ప్రాకారాల మధ్య ఇరవై రెండు ఆలయాల సముదాయం. చెంతనే గణపసముద్రమనే చెరువు. కొద్ది దూరంలోనే 1213లో రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠ చేయించిన రామప్ప ఆలయం. అది 2021లో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరినది. ఎనిమిది వందల ఏండ్ల తరువాత కూడ మనం ఆ స్తంభాలను, ఆ శిల్పాలను చూచి ఆశ్చర్యపడుతున్నాము. కాని ఆ రాళ్ళను మోసిన బండ్లు ఏవి? పైకి ఎత్తడానికి కట్టిన పరంజాలు ఏవి? చెరువు కింద పొలం దున్నిన నాగళ్ళు ఏవి? అవన్నీ కలపతో చేసినవి. రాయి మిగిలినది, కలప మట్టిలో కలిసినది. చరిత్రకారుడు శాసనాన్ని చదువగలడు గాని, కొట్టివేసిన మ్రానును చదువలేడు.

ఆనాటి వడ్రంగి అడవికి పోయి ఏమి చేసి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. ఈనాటి వడ్రంగి కూడ అదే చేస్తాడు. నిటారుగా ఉన్నది, లావుగా ఉన్నది, తొర్ర లేనిది చూచి కొడతాడు. వంకర చెట్టును, పుచ్చిన చెట్టును వదలివేస్తాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. వంకర దూలంతో ఎవరు ఇల్లు కట్టుకొంటారు? కాని ఫలితం ఒక్కసారి ఆలోచించండి. మేలైన చెట్టు తన గింజను నేలపై రాల్చకముందే బండి ఎక్కిపోయినది. వంకర చెట్టు మిగిలి, ఏటేటా గింజలు రాల్చినది. ఆ గింజలే మొలిచినవి.

వరి పండించే రైతు ఇందుకు సరిగా వ్యతిరేకంగా నడిచినాడు. కళ్ళంలో మంచి వెన్నులను ఏరి విత్తనానికి దాచి, మిగిలినవి తిన్నాడు. వేల ఏండ్ల ఆ ఏరుడు వలననే గడ్డివంటి మొక్క వరి అయినది. పొలంలో మేలైనదానిని విత్తనానికి దాచిన జాతియే, అడవిలో మేలైనదానిని దూలానికి కొట్టినది. ఎన్నుకొనే విద్య రెండు చోట్లా ఉన్నది. ఒకచోట అది పెంచడానికి ఎన్నుకోవడం, మరొకచోట కొట్టడానికి ఎన్నుకోవడం. అటవీవృక్షాభివృద్ధి అని నేడు మనం పిలిచే శాస్త్రమంతా ఈ రెండవ ఎన్నికను మొదటిదానివైపు మళ్ళించడానికి చేసిన ప్రయత్నమే.

ఇక స్టేషన్ ఘనపూర్ సంగతి. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు వచ్చిన రైలుమార్గం 1886లో వరంగల్లు దాకా, 1889లో బెజవాడ దాకా సాగినది. మన స్టేషన్ ఘనపూర్ ఆ దారిలోనిదే. రైలు అంటే ఇనుమని అనుకొంటాము. కాని ఆనాటి పట్టాలకు పాన్పు కలప స్లీపర్లే. దేశమంతటా టేకు, సాల, దేవదారు వృక్షాలు లక్షల సంఖ్యలో పట్టాల కిందికి పోయినవి. గొడ్డలికి తీరని అడవి రైలు వచ్చిన తరువాత తరిగిపోవడం పాలకులకు కనబడినది. అడవిని లెక్కపెట్టాలి, కాపాడాలి, తిరిగి నాటాలి అనే ఆలోచన ఆ భయంలో నుండి పుట్టినది.

నాటడం అంతకుముందే ఒకచోట మొదలైనది. 1840వ దశకంలో మలబారు కలెక్టరు కానలీ నిలంబూరులో టేకు తోటలు వేయించినాడు. ఓడల నిర్మాణానికి టేకు కావలసి వచ్చినది. టేకుగింజ పెంకు గట్టిది, మొలకెత్తించడం కష్టం. ఆ పనిని నేర్పుతో సాధించిన ఉద్యోగి చాత్తు మేనోన్. 1856లో బర్మా అడవులకు వచ్చిన జర్మను శాస్త్రజ్ఞుడు బ్రాండిస్ 1864లో భారతదేశపు మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయినాడు. ఇన్ని చెట్లు ఉన్నవి, ఇంతకు మించి కొట్టరాదు అనే గణితం ఆయనతో బలపడినది.

అయినా ఒక లోపం మిగిలిపోయినది. నాటే గింజ ఏ చెట్టుది? దానిని ఎవరూ అడుగలేదు. గింజలు ఏరేవాడు చేతికందే పొట్టిచెట్టు నుండి, దారిపక్క చెట్టు నుండి ఏరుకొన్నాడు. అరవై ఏండ్లు కాపాడవలసిన తోటకు ఆధారమైన గింజను ఒక్క పూట కూలితో తేల్చివేసినారు.

ఆ ప్రశ్న మన దేశంలో శాస్త్రీయంగా తలెత్తినది స్వాతంత్ర్యం వచ్చిన తరువాత. 1960వ దశకం ఆరంభంలో కేదారనాథ్, మాథ్యూస్ అనే శాస్త్రజ్ఞులు టేకును ఎంపిక ద్వారా, సంకరణం ద్వారా మెరుగుపరచే పద్ధతిని గూర్చి వ్రాసినారు. అడవి అంతా తిరిగి, నిటారుగా, ఎత్తుగా, తెగుళ్ళు లేకుండా ఉన్న చెట్లను గుర్తించాలి. వాటిని శ్రేష్ఠవృక్షాలని పిలువాలి. కొమ్మలు తెచ్చి అంట్లు కట్టి ఒకచోట తోటగా పెంచాలి. వాటిలో అవి పరాగం పంచుకొని కాసిన గింజనే నాటడానికి వాడాలి. ఇదే విత్తనపు తోట. ఆలోచన గొప్పది. కాని టేకు విషయంలో ప్రకృతి అంత సులభంగా లొంగలేదు. ఆ తోటలలో చెట్లు ఏపుగా పెరిగినవి గాని, పూత, కాపు స్వల్పమైనవి. వేల హెక్టార్లు నాటవలసినచోట అరకొర గింజలు ఏమూలకు?

ఈ స్థితిలో శాస్త్రజ్ఞుని చూపు తోటమాలి వైపు తిరిగినది. బంగినపల్లి మామిడి టెంక నాటితే బంగినపల్లి వస్తుందన్న నమ్మకం లేదని మన ఇండ్లలో అందరికీ తెలుసును. అందుకే అంటు కడతారు. ఒక లెక్కన లోకంలోని బంగినపల్లి చెట్లన్నీ ఒకే చెట్టుకు కొమ్మలు. గింజ తల్లిదండ్రుల లక్షణాలను కలిపి, కలగలిపి, కొత్త ప్రాణిని పుట్టిస్తుంది. కొమ్మ మాత్రం తల్లినే తిరిగి నిలుపుతుంది. ఇట్లా ఒకే తల్లి నుండి కొమ్మ ద్వారా వచ్చిన మొక్కల సంతతినే శాస్త్రజ్ఞులు క్లోన్ అన్నారు. పేరు కొత్తది, మామిడితోట పాతది.

అడవి చెట్టుకు ఇది ఎందుకు ముందే జరుగలేదని అడుగవచ్చును. చెట్టు ముదిరితే దాని కొమ్మకు వేరు పుట్టే శక్తి తగ్గిపోతుంది. చెట్టు మంచిదో కాదో తేలేసరికి అది ముదిరి ఉంటుంది. ఇదే చిక్కు. దీనికి విరుగుడు ఒక చిత్రమైన పనిలో దొరికినది. ఎన్నుకొన్న చెట్టును మొదటికి కొట్టివేయాలి! మోడు నుండి లేచే లేత చిగుళ్ళకు బాల్యం తిరిగి వస్తుంది. ఆ చిగురు కొమ్మను కోసి, వేరు పుట్టించే హార్మోను అద్ది, పొగమంచువంటి నీటి తుంపర పడే గదిలో నిలిపితే కొద్ది వారాలలో వేళ్ళు పడతవి. కొట్టడానికే ఎన్నుకొన్న గొడ్డలి ఇక్కడ పెంచడానికి సాధనమైనది. బ్రెజిల్ దేశంలోని అరాక్రూజ్ సంస్థ శాస్త్రజ్ఞులు ఈ విధంగా యూకలిప్టస్ తోటలను పెద్దయెత్తున పెంచి చూపినారు. అందుకు 1984లో స్వీడను దేశపు వాలెన్‌బర్గ్ బహుమతి వారికి లభించినది.

యూకలిప్టస్‌ను మన పల్లెలలో జామాయిల్ అనీ, నీలగిరి అనీ అంటారు. పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాను నందిదుర్గం తోటలో నాటించినాడని చెప్తారు. అక్కడి సంతతి వెయ్యి పాయలై దక్షిణదేశమంతటా పాకినది. అందులో సంకరం హెచ్చు కావున గింజతో వేసిన తోట ఒక తీరున ఉండదు. పక్కపక్కన ఒకే రోజు నాటిన మొక్కలలో ఒకటి తాటిచెట్టంత అవుతుంది, ఒకటి కంచెకర్రకు కూడ పనికిరాదు.

ఈ కథలోకి గోదావరి తీరం ఇప్పుడు వస్తుంది. భద్రాచలం ఎదుట, సారపాక వద్ద ఐ.టి.సి. వారి కాగితపు మిల్లు 1979లో పని ప్రారంభించినది. కాగితానికి గుజ్జు కావాలి, గుజ్జుకు వెదురో కలపో కావాలి. అడవిలో వెదురు తరుగుతున్నది. 1988లో వచ్చిన జాతీయ అటవీ విధానం పరిశ్రమలకు సూటిగా ఒక మాట చెప్పినది. సహజారణ్యం మీద ఆధారపడవద్దు, మీకు కావలసిన కలపను రైతులతో సంబంధం పెట్టుకొని పెంచుకొనండి అన్నది దాని సారాంశం. మరుసటి ఏడు, అనగా 1989లో, సారపాకలో అటవీశాస్త్రజ్ఞుడు ప్యారేలాల్ నాయకత్వాన క్లోన్ పరిశోధన మొదలైనది. తోటలన్నీ తిరిగి మేలైన చెట్లను ఎన్నుకొన్నారు. ఒక్కొక్క దానికి ఒక సంఖ్య ఇచ్చినారు. వాటి చిగుళ్ళతో మొక్కలు పెంచి, వేర్వేరు నేలలలో నాటి, కొన్నేండ్లు కొలిచి, నిలిచినవి ఉంచి, నిలువనివి తీసివేసినారు. 1990వ దశకంలో ఆ మొక్కలు రైతుల చేలకు చేరినవి.

నాటిన ఫలం ఎంత? గింజతో వేసిన తోట హెక్టారుకు ఏడాదికి 6 నుండి 10 ఘనమీటర్ల కలప ఇస్తే, ఎన్నుకొన్న క్లోన్లు మంచి యాజమాన్యంలో 20 నుండి 25 ఘనమీటర్ల దాకా ఇచ్చినవని అక్కడి పరిశోధకులు లెక్క తేల్చినారు. ఖమ్మం జిల్లా నుండి కోస్తా జిల్లాల దాకా రైతులు ఆ సంఖ్యలను వరి వంగడాల పేర్లవలె నోట పలుకసాగినారు. మూడవ నంబరు, ఏడవ నంబరు, 413, 526 అంటూ బేరమాడి మొక్కలు కొన్నారు. 1975లో ఏర్పడిన రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ కూడ తన తోటలలో గింజమొక్కలను మాని క్లోన్ మొక్కలను నాటినది. నాలుగైదేండ్లకు ఒక నరుకుడు. మోడు మళ్ళీ చిగురిస్తుంది కావున రెండవ పంటకు మొక్క ఖర్చు లేదు. వాన నమ్ముకొన్న మెట్టరైతుకు ఇది చిన్న విషయం కాదు. ఆ మేరకు గుజ్జు కొరకు సహజారణ్యంలోని వెదురును నరుకవలసిన అవసరమూ తగ్గినది. ఈ మేలును ఒప్పుకొనని వాడు న్యాయం తప్పినవాడు.

కాని చరిత్ర అక్కడితో ఆగలేదు. ఈ శతాబ్దపు మొదటి సంవత్సరాలలో ఒక కొత్త పురుగు దక్షిణదేశపు జామాయిల్ తోటలలో కనిపించినది. చీమ తలంత కూడ లేని చిన్న కందిరీగ జాతి. ఆకు ఈనెలలో, లేత కాడలలో గ్రుడ్లు పెడుతుంది. అక్కడ బొడిపెలు కట్టి, చిగురు ముడుచుకొని, మొక్క ఎదుగుదల నిలిచిపోతుంది. శాస్త్రజ్ఞులు దానికి లెప్టోసైబే ఇన్వేసా అని 2004లో నామకరణం చేసినారు. ఆస్ట్రేలియా పుట్టుక గల ఆ పురుగు కొద్ది ఏండ్లలో ఆసియా, ఆఫ్రికా ఖండాలను చుట్టివచ్చినది. మన నర్సరీలలో, లేత తోటలలో చేసిన నష్టం తక్కువ కాదు.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. అన్ని క్లోన్లూ ఒకే తీరున లొంగలేదు. కొన్ని సంఖ్యలు బాగా దెబ్బ తిన్నవి, కొన్ని తట్టుకొన్నవి. లొంగే క్లోన్ ఒక్కటే నాటిన రైతు తోట మొదటి మొక్కకు ఏ గతి పట్టినదో చివరి మొక్కకూ అదే గతి. పట్టకపోవడానికి రెండవ మొక్క ఉంటే గదా! పదివేల మొక్కలు నాటినా ఆ తోటలో ఉన్నది ఒకే చెట్టు. గింజతోటలో ఏ మూలనో ఒకటి తట్టుకొని నిలుస్తుంది. ఆ నిలిచినదే రేపటి శ్రేష్ఠవృక్షం. తరువాత పురుగుకు సహజశత్రువులైన పరాన్నజీవులను వెదకి వదిలినారు. తట్టుకొనే క్లోన్లను ఎన్నుకొని ఇచ్చినారు. వెదకడానికి వైవిధ్యం ఎక్కడో మిగిలి ఉన్నందువలననే ఆ ఎన్నిక సాధ్యమైనదని మరువరాదు.

చెట్టుకు మరొక చిక్కు ఉన్నది. ఘనపూర్ చుట్టుప్రక్కల రైతులకు పత్తి తెలుసు. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి మొదట కాయతొలిచే పురుగును అదుపులో పెట్టినది. కొన్నేండ్లకు గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడినది. పత్తి ఏడాది పంట కావున, ఈ ఏడు చెడితే వచ్చే ఏడు వంగడం మార్చవచ్చును. అరవై ఏండ్ల టేకును ఎట్లా మారుస్తాము? చెట్టు ఒక్క తరం బ్రతికేలోగా పురుగు వందల తరాలు గడుపుతుంది. మారే శక్తి అంతా పురుగు పక్షాన ఉంటుంది, చెట్టు పక్షాన ఉండేది వైవిధ్యం ఒక్కటే.

ఇక ప్రయోగశాల సంగతి. ప్రతి కణంలోనూ పూర్తి మొక్కను పుట్టించే శక్తి ఉన్నదని 1902లోనే హాబర్లాండ్ట్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఊహించినాడు. దాని ఆధారంగా వచ్చినదే టిష్యూ కల్చర్. గాజుసీసాలో, పోషకద్రవ్యాలు కలిపిన జిగురుమీద, చిగురుముక్క నుండి మొక్కల గుంపును తీస్తారు. పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 1980లో ప్రకటించిన పరిశోధనలో నూరేండ్ల టేకుచెట్టు నుండి కూడ ఈ విధంగా మొక్కలు తీసినారు. ముదిరిన చెట్టుకు కొమ్మ వేరు పట్టదనే పాత చిక్కు అట్లా సడలినది.

శాస్త్రం ఇంత ముందుకు పోగా, వెనుకనే వ్యాపారం వచ్చినది. 1990వ దశకంలో దేశమంతటా టేకుతోటల కంపెనీలు వెలసినవి. నేడు వేయి రూపాయలు పెట్టండి, ఇరువది ఏండ్లకు లక్షలు తీసుకొనండి అన్నట్లు ప్రకటనలు సాగినవి. ఎందరో ఉద్యోగులు, పింఛనుదారులు నమ్మినారు. చాలా తోటలు కాగితం మీదనే పెరిగినవి. 1999లో సెబీ సంస్థ ఇటువంటి సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు విధించినది. తప్పు టేకుది కాదు, సీసాది కాదు. ఎంత మేలైన మొక్క అయినా నేల, నీరు, కాలం ఇవ్వనిదే చెట్టు కాదని మరిపించిన ఆశది.

తరువాత జన్యువుల యుగం. చెట్లలో మొదటిసారిగా పోప్లర్ జన్యుపటం 2006లో వెలువడినది. 2014లో యూకలిప్టస్ జన్యుపటం వచ్చినది. అందులో ముప్పది ఆరు వేలకు పైగా జన్యువులు లెక్కకు వచ్చినవి. 2018లో కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్షప్రజనన సంస్థ శాస్త్రజ్ఞులు మన టేకు జన్యుపటానికి చిత్తుప్రతిని ప్రకటించినారు. దీనివలన ప్రయోజనమేమిటని అడిగితే, రెండు మాటలు చెప్పవచ్చును. ఒకటి, చెట్టు ముదిరేదాకా ఆగకుండా మొలకలోనే దాని వంశలక్షణాలను కొంతవరకు చదివే వీలు కలుగుతుంది. రెండు, ఇది ఫలానా నంబరు క్లోనే అని నిర్ధారించవచ్చును. నర్సరీవాడు ఒక నంబరు చెప్పి మరొకటి అంటగట్టితే రైతుకు తెలిసేది నాలుగేండ్ల తరువాత. అటువంటి మోసానికి జన్యుముద్ర సాక్ష్యం చెప్పగలదు.

మరొక జీవి జన్యువును చెట్టులో ప్రవేశపెట్టే పని కూడ ఇతర దేశాలలో జరిగినది. చైనా 2002లో పురుగును తట్టుకొనే పోప్లర్‌కు, బ్రెజిల్ 2015లో త్వరగా పెరిగే యూకలిప్టస్‌కు అనుమతి ఇచ్చినవి. చెట్టు పుప్పొడి గాలితో పోతుంది, తేనెటీగతో పోతుంది, దానికి సరిహద్దురాళ్ళు లేవు. కావున ఈ విషయంలో తొందర తగదనే వారి మాటను తోసివేయరాదు.

ఇంత చెప్పిన తరువాత తిరిగి ఘనపూర్ అడవికి వద్దాము. ఘనపూర్ దాటి గోదావరి వైపు పోతే ములుగు జిల్లాలోని మంగపేట మండలంలో కమలాపురం వస్తుంది. అక్కడి రేయాన్ గుజ్జు కర్మాగారం 1981లో ఉత్పత్తి మొదలుపెట్టినది, 2014లో ఆగిపోయినది. చెట్టు పెంచిన రైతుకు కొనేవాడు దూరమైతే ఎంత మేలైన క్లోనైనా కట్టెలమోపే అవుతుందని ఆ మూసిన తలుపులు చెప్తున్నవి. శాస్త్రం మొక్కను ఇవ్వగలదు, ధరను ఇవ్వలేదు.

అక్కడికి సమీపంలోనే, తాడ్వాయి మేడారాల మధ్య, ఏటూరునాగారం అభయారణ్యంలో 2024 ఆగస్టు 31న ఒక ఘోరం జరిగినది. ప్రచండమైన గాలి కొద్దిసేపటిలో సుమారు 50,000 చెట్లను కూల్చివేసినది. గాలితీవ్రతతో పాటు, అక్కడి నేలలో వేళ్ళు లోతుకు దిగకపోవడం కూడ కారణమని అటవీ అధికారులు అభిప్రాయపడినారు. కూలిన చెట్లను లెక్కించినారు, పటాలు గీసినారు. కాని అసలు ప్రశ్న లెక్కలలో లేదు. ఆ ఖాళీలో ఏమి రావాలి?

ఇక్కడనే మన ఎన్నిక విద్యకు పరీక్ష. ఎన్నుకొన్న జామాయిల్ క్లోన్ రైతు మెట్టచేనులో ఉండదగినది. అది పంట, దానిని పంటగానే చూడాలి. దానివలన అడవి మీద గొడ్డలి పడకుండా ఉంటే అంతకన్న కావలసినది లేదు. కాని అదే మొక్కను అడవిలోకి తెచ్చి, ఖాళీని నింపితిమని తృప్తిపడితే, అది కూలిన అడవికి బదులు కాదు. కొమ్మతో పెంచిన మొక్కకు గింజమొక్కవలె తల్లివేరు ఉండదన్నది కూడ, గాలికి కూలిన చోట మొక్క నాటబోయేవాడు మరువరాని విషయం. అక్కడ నల్లమద్ది, ఇప్ప, తునికి, ఏగిస, టేకు, వెదురు కలిసి పెరిగినవి. తునికాకు వేసవిలో కూలి ఇస్తుంది, ఇప్పపువ్వు ఆహారమిస్తుంది. కోయ కుటుంబాల బ్రతుకు లెక్కలో చెట్టు విలువ ఘనమీటర్లలో కొలువబడదు. ఎన్నుకొనేవాడు కాగితం కొరకు ఎన్నుకొంటే ఒక చెట్టు శ్రేష్ఠం, ఆకు కొరకు ఎన్నుకొంటే మరొకటి, నీడ కొరకు, తేనె కొరకు ఇంకొకటి. శ్రేష్ఠమనే మాటకు ముందు ఎవరికి అనే ప్రశ్న ఉన్నది.

కావున అటువంటి చోట చేయదగినది, మిగిలిన మోళ్ళను చిగురించనివ్వడం, పశువులను, మంటను దూరంగా ఉంచడం, అవసరమైనచోట ఆ అడవిలోనే పలు చెట్ల నుండి, పలు తావుల నుండి గింజ సేకరించి నాటడం. పది తల్లుల గింజ ఒక మహాతల్లి కొమ్మకన్న అడవికి క్షేమం. ఈ విషయాలను నేర్పే విద్యాలయం కూడ మనకు ఏర్పడినది. 2016లో ప్రారంభమైన అటవీ కళాశాల, పరిశోధన సంస్థ సిద్దిపేట జిల్లాలోని ములుగులో ఉన్నది. పేరు ఒకటే గాని మన ములుగు వేరు. అక్కడ చదివిన యువకులూ, యువతులూ ఈ ములుగు అడవికి కూడ రావాలని కోరుకొందాము.

కాకతీయులు ఈ సీమకు చెప్పిన పాఠం ఒకటి ఉన్నది. పాకాల వంటి మహాతటాకాలు త్రవ్వించినవారు కూడ ఒక్క చెరువును నమ్ముకొని ఊరుకోలేదు. ఒకదాని అలుగు పారి మరొక చెరువు నిండేటట్లు గొలుసుకట్టుగా చెరువులు నిర్మించినారు. ఒక కట్ట తెగినా, ఒక ఏడు వాన తప్పినా, ఏదో ఒక చెరువులో నీరు మిగులుతుందనే జాగ్రత్త అది. అడవిలోని వైవిధ్యం కూడ అటువంటి గొలుసుకట్టే. క్లోన్ తోట ఒక పెద్ద చెరువు. నిండినప్పుడు దానికి సాటి లేదు. కాని గొలుసును పూడ్చి ఒక్క చెరువును మిగుల్చుకొన్న ఊరి గతి ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

వడ్రంగి కొట్టడానికి చెట్టును ఎన్నుకొన్నాడు. శాస్త్రజ్ఞుడు పెంచడానికి ఎన్నుకొన్నాడు. ఈ రెండవది మొదటిదానికన్న ఎంతో ఉత్తమం. దాని వెనుక నూటడెబ్బది ఏండ్ల కృషి ఉన్నది. కాని ఎన్నుకొనని చెట్లను కూడ నిలువనిచ్చినప్పుడే ఆ ఎన్నిక సార్థకం. రేపు ఏ పురుగు వస్తుందో, ఏ గాలి వీస్తుందో, ఏ కరువు పడుతుందో మనకు తెలియదు. దానిని తట్టుకొనే చెట్టు ఈనాడు ఘనపూర్ అడవిలో ఏ మూలనో, ఎవరూ నంబరు వేయని వంకరచెట్టుగా నిలిచి ఉండవచ్చును. కోటగుళ్ళు కట్టినవారు మనకు రాయిని మిగిల్చినారు. మన తరువాతివారికి మనం మిగుల్చవలసినది ఆ చెట్టును, దాని గింజను.